ముద్ద తిన్న ఇల్లు

12 జూన్ 2025, గురువారం

ఇప్పుడు రాసిపెట్టుకోకపోతే, నిన్న ఏం జరిగిందో ఊరు చెప్పినట్టే నేనూ నమ్మేస్తాను. అందుకే రాస్తున్నాను. ఇంట్లో చెప్పుకోలేను. బయట ఎవరితో అన్నా సాయంత్రానికల్లా ఓబుళేసు ఇంటికో నారాయణప్ప ఇంటికో చేరుతుంది. మా ఊళ్లో మాట అనేది ఈ రెండు వర్గాల్లో ఏదో ఒకదానిది కావాల్సిందే.

నిన్న ఏరువాక పున్నమి. చావిడి ముందు ముద్ద విరిచారు.

వర్గాలు రాజీ పడితే మా ఊరి పద్ధతి అది. పెద్ద రాగిముద్దను ఇద్దరు పెద్దలూ చెరోవైపు పట్టుకుని విరుస్తారు. గొడవల్లో మనిషిని పోగొట్టుకున్న ప్రతి ఇంటికీ అందులోంచి ఒక తునక. ఆ తునకను అవతలి వర్గం మనిషే తన చేత్తో ఇవ్వాలి. నేను పుట్టక ముందెప్పుడో ఒకసారి విరిచారట. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా హాస్టళ్లలో ఉన్నదాన్ని. ముద్ద విరవడమంటే అందరూ ఒక పంక్తిలో తినడమనే అనుకున్నాను.

నేను పనిచేసే సంస్థ అనంతపురంలో ఉంది. మా ఆనంద్ సార్ ఏడాదిగా ఊళ్లో శాంతి కమిటీ నడుపుతున్నారు. పంక్తిలో ఆడవాళ్లూ ఉండాలి, మా కాలనీ నుంచీ తురకవీధి నుంచీ కూడా కూర్చోవాలి, అప్పుడే ఇన్‌క్లూజివ్ అవుతుంది అని పట్టుబట్టారు. ఇద్దరు పెద్దలూ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఎంత తొందరగా ఒప్పుకున్నారో అని నేను ఆశ్చర్యపోయాను. సంతోషపడ్డాను కూడా.

మా ఇంటి తరఫున నేను కూర్చున్నాను. మా అన్న జయరాజును నాలుగేళ్ల కింద నారాయణప్ప వర్గం వాళ్లు చంపారు. నాకు తునక ఇచ్చింది కలీముల్లా. అన్న కేసులో ముద్దాయి. బెయిలు మీద ఉన్నాడు. సాక్షి ఉండే ఛాయలకు కూడా రాకూడదని బెయిలు షరతు. నిన్న అది ఎవరికీ గుర్తు రాలేదు. అతను తల దించుకునే తుంచాడు. మా కాలనీ ఆడపిల్ల చావిడి ముందు పంక్తిలో కూర్చోవడం ఇదే మొదలు అని నా గుండె నిండిపోయి ఉంది. తిన్నాను. చప్పట్లు కొట్టారు. సార్ ఫోటో తీశారు.

అమ్మ శింగనమలలో చిన్నమ్మ ఇంటికి వెళ్లి ఉంది. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి దారిలోనే ఎవరో చెప్పేశారు. గడపలోనే చతికిలబడింది. తింటివా అంది. తిన్నానన్నాను. మింగితివా అంది.

మింగానన్నాను.

13 జూన్

అమ్మ నాతో మాట్లాడలేదు. సద్ది కట్టుకుని కూలికి పోయింది.

15 జూన్, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఓబుళేసు మా ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అన్న ఆయన ట్రాక్టరే నడిపేవాడు. నారాయణప్పతో తగాదాలో ఉన్న హద్దు చేను దున్నమని చెప్పింది ఆయనే. దున్నినందుకు అన్నను చంపారు. అన్నను పూడ్చిన రోజు ఓబుళేసు కాలనీ మొదట్లో కారు ఆపి అక్కడే నిలబడ్డాడు. ఇంటిదాకా రాలేదు. ఈ రోజు వచ్చాడు.

ఏం పాపా, నిన్ను ఊరంతా మెచ్చుకుంటాండారు అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగాడు. ఇమ్మానుయేలూ, కోర్టు నుంచి సమన్లు వస్తాది, భయపడొద్దండి, సుంకమ్మ పోయి, ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి, ఎవుర్నీ గుర్తుపట్టలా అంటే సాలు, మిగిలింది ప్లీడరు చూసుకుంటాడు అన్నాడు. అమ్మ అక్కడే ఉంది. అమ్మకు చెప్పాల్సింది నాయనకు చెప్పాడు.

అట్లా ఎందుకు చెప్పాలి అని నేనడిగాను.

ఆయన నవ్వాడు. ముద్ద తిన్న ఇంటికి నోరుండదు పాపా, ఇంత సదివినావు, ఇది తెలీకనే తింటివా అన్నాడు.

ఆయన పోయాక నాయన విడమరిచి చెప్పాడు. ముద్ద తిన్న ఇల్లు పాత సంగతి మళ్లీ ఎత్తకూడదు. పగ తీర్చుకోకూడదు, కేసు నడపకూడదు, సాక్ష్యం చెప్పకూడదు. ఎత్తితే ఊరు ఆ ఇంటిని వదిలేస్తుంది. ఓబుళేసు కొడుకు మీద నారాయణప్ప బామ్మర్దిని నరికిన కేసు ఉంది. ఆ కేసులో వాళ్ల సాక్షులు ఏమీ చూడలేదంటారు. మా కేసులో అమ్మ ఏమీ చూడలేదంటుంది. ఓబుళేసుకు కొడుకు దక్కుతాడు. నారాయణప్పకు మనుషులు దక్కుతారు.

అమ్మ అన్నకు సద్ది తీసుకుపోతూ గట్టు మీద నుంచి చూసింది. మిట్టమధ్యాహ్నం. ముగ్గురు. అందరూ మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. కలీముల్లా తువ్వాలు ఊడి కింద పడింది. పోలీసులకు అమ్మ చెప్పింది అదే, ఇన్నేళ్లుగా ఒక్క మాట మారలేదు.

సాయంత్రం అమ్మ నాతో మాట్లాడింది. నిన్ను బడికి పంపినందుకు బాగ అక్కరకొచ్చినావు మే అంది. అంతే.

18 జూన్

ఆనంద్ సార్ ట్రెయినింగులో చెప్పింది గుర్తుచేసుకుంటున్నాను. బాధితులకు చోటు లేని శాంతి నిలవదు అన్నారు. నాకు చోటిచ్చారు. ఆ చోటులోనే కట్టేశారు.

24 జూన్

ఈ సంగతి కూడా రాయాలి. రాయకపోతే నేనూ అబద్ధం చెప్పినట్టే.

ఊరు బాగుంది. ఇన్నాళ్లూ మా వర్గం వాళ్లు బస్సు కోసం మోరీ దగ్గర నిలబడేవాళ్లు, వాళ్లు రేషన్ షాపు దగ్గర. డ్రైవర్లు రెండు చోట్లా ఆపి తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఒకటే స్టేజి. శనక్కాయ విత్తనాలకు ఒకటే క్యూ. హద్దు చేలల్లో కంపచెట్లు కొట్టేసి దున్నారు. ఈడు వచ్చిన మగపిల్లలు సంజె పడ్డాక కూడా టీ అంగడి దగ్గర కనిపిస్తున్నారు. తల్లులు వాళ్లను వెతుక్కుంటూ రావడం లేదు.

అమ్మ గుంపును నారాయణప్ప వర్గం భూముల్లో విత్తడానికి పిలిచారు. నేనూ వెళ్లాను. కదిరమ్మవ్వ వాళ్ల వైపు మనిషి, వీపు విల్లులా వంగిపోయినా నోరు మాత్రం వంగలేదు. మా వాళ్లను చూడగానే, రాండి రాండి, మీరు లేక నాలుగేండ్లుగా మా సేన్లో కలుపు గూడా సిక్కిపోయినాది అంది. మా సుశీలక్క ఊరుకుంటుందా, మీ ముసలోడు సిక్కిపోయినాడని ఇన్యామే, కలుపా ముసలోడా సరిగా చెప్పు అంది. సాళ్లల్లో నిలబడి అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అన్న పోయాక అమ్మ పంటి వరుస అంత బాగా నేను చూడలేదు.

ఈ రాజీ ఉత్తిదైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. తన్ని పారేసేదాన్ని. ఇది చాలామందికి నిజమే. మా ఇల్లు నోరు మూసుకుంటే ఇది ఇట్లాగే ఉంటుంది. అమ్మ నోరు తెరిస్తే, సుశీలక్క కొడుకు మళ్లీ సంజెకే ఇల్లు చేరాలి.

6 జూలై, ఆదివారం. పీర్ల పండగ

ఆరీఫా వచ్చింది. మా గడప తొక్కి నాలుగేళ్లు దాటింది. తను కలీముల్లా చెల్లెలు. పదో తరగతి దాకా నేను సెలవులకు వస్తే ఇద్దరం ఒకే దుప్పటి కింద పడుకునేవాళ్లం. తర్వాత తను జాకెట్లు కుట్టడానికి కూర్చుంది, నేను కాలేజీకి పోయాను. అన్న చనిపోయిన రోజు మా ఏడుపు వాళ్ల వీధికి వినిపించి ఉంటుంది.

పళ్లెం నిండా చోంగ్యాలు, పీర్లకు చేసే తీపి రొట్టెలు, తెచ్చింది. సుంకమ్మత్తా అని పిలిచి గడప బయటే నిలబడింది. అమ్మ లేచి గడప దాకా వచ్చింది. తర్వాత, ఎండలో నిలబడితే సోకు పోతాది, లోపలికి రా మే అంది.

పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. అమ్మ డబ్బాలో వెతికి బెల్లం గడ్డ పెట్టింది.

ఇద్దరం వెనక దొడ్లో కూర్చున్నాం. నీకు తెలివి పెరిగి చెయ్యి సన్నబడినాది, ఎన్ని జాకెట్లు కుట్టినా నీ కొలత మాత్రం మర్సిపోలా అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. తనూ ఆగిపోయింది. అప్పుడు చెప్పింది. మా యన్న ఆడికి పోయినాడు రూతూ, నేను కాదనను, మా యమ్మ గూడా కాదనదు, పంపినోడు మాత్రం ఈ పొద్దు పీర్ల ముందర నిలబడి అందరికన్నా ముందు సాంబ్రాణి ఏసినాడు అంది.

నారాయణప్ప సంగతి. ఆయన పేరు పోలీసు కాగితాల్లో ఎక్కడా లేదు.

సాయంత్రం నిప్పుల గుండం చుట్టూ రెండు వర్గాల వాళ్లూ చేతులు పట్టుకుని తిరిగారు. మా నాయన ఒక చెయ్యి సుశీలక్క మొగుడి చేతిలో, ఇంకో చెయ్యి ఎవరి చేతిలో ఉందో నేను చూడలేదు. చూడాలనిపించలేదు.

17 జూలై

సమన్లు వచ్చాయి. ఆగస్టు 21. కానిస్టేబుల్ వేలిముద్రకు ఇంకు తీశాడు. అమ్మ పెన్ను అడిగి సంతకం పెట్టింది.

20 జూలై

ఆనంద్ సార్‌కు అంతా చెప్పాను. ఆయన మంచివాడు. మనసు నొచ్చుకున్నట్టే విన్నారు. రూతమ్మా, ప్రాసెస్ ఇంకా ఫ్రెజైల్‌గా ఉంది, ఈ టైములో కోర్టు విషయం కదిపితే మొత్తం కూలిపోతుంది, మీ కుటుంబం త్యాగం చాలా గొప్పది, దాన్ని మనం రిపోర్టులో తప్పకుండా ఎక్నాలెడ్జ్ చేద్దాం అన్నారు.

మా కుటుంబం ఏ త్యాగమూ చేయలేదు సార్, చేయించారు అన్నాను.

ఆయన ఫోన్ తీసి ఫోటో చూపించారు. నేను నోరు తెరిచి ఉన్నాను. కలీముల్లా వేళ్లు నా నోటి దగ్గర ఉన్నాయి. వెనక ఓబుళేసూ నారాయణప్పా పక్కపక్కన నిలబడి నవ్వుతున్నారు. ఇది మన కవర్ పేజీ అన్నారు. వచ్చే నెల ఢిల్లీ నుంచి టీమ్ వస్తుందట. వాళ్లతో నేను మాట్లాడాలట. ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పగలిగింది నేనొక్కదాన్నే కదా అన్నారు.

ఆ ఫోటో తీసేయమని అడిగాను. ఆలోచిద్దాం అన్నారు.

26 జూలై, శనివారం

వాన లేదు. శనక్కాయ చెట్టు పూతకు వచ్చింది. ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకుంటున్నాయి. నాయన చేను చూసి వచ్చి చేతులు కడుక్కోకుండానే నా పక్కన కూర్చున్నాడు.

ముద్దకు నన్నే పిల్సినారు పాపా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నాయన నేల చూస్తూ చెప్పుకుపోయాడు. ముందే చెప్పి పోయినారు, ఇంటి పెద్ద రావల్ల అన్యారు, తింటే ఏమవుతాదో నాకు తెల్సు, మా నాయన కాలంలో తిన్నోళ్లను చూసినా, నేను తినలేను, వాడు తుంచి ఇస్తే నా గొంతు దిగదు, చావిడి ముందర అందర్లో కక్కుకుంటే ఇంగ మనకు ఈ ఊర్లో బతుకుండాదా, అంతలో నువ్వు, మా సారు ఆడవాళ్లు కూర్చోవల్ల అంటాండాడు నాయనా, నేను పోతా అంటివి, సంతోషంగా ఉంటివి, ఊకున్యా.

అమ్మకు చెప్పలేదా అన్నాను.

మీ యమ్మ శింగనమలకు పోయిన దినమే చూసి ఒప్పుకున్యా అన్నాడు.

కోపం రావాలి. రాలేదు. వస్తే బాగుండేది. ఎందుకు నాయనా అని మాత్రం అడిగాను. ఉన్నదానివి నువ్వు ఒక్కదానివి, వాళ్ల మాట ఇనకపోతే నిన్ను గూడా అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. అమ్మ లోపల జొన్నలు చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

2 ఆగస్టు

ఓబుళేసు మనిషి అంజినప్ప అమ్మకు పాఠం చెప్పడానికి వస్తున్నాడు. పొద్దు వాలగానే వచ్చి మంచం మీద కూర్చుని ప్లీడరులాగా గొంతు మారుస్తాడు. ఏమ్మా, ఆ దినం నువ్వు ఏం జూసినావు అంటాడు. ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి, ఏం జూడలా అంటుంది అమ్మ.

ఈ రోజు అంజినప్ప కొంచెం ఎక్కువ తెలివి చూపించాడు. మరి అంత బైర్లు కమ్మితే నీ నెత్తిన సద్దిగిన్నె పడిపోలేదా అని అడుగుతాడు అవతలి ప్లీడరు, అప్పుడేమంటావు అన్నాడు.

ఏలా పడ్తాది, గట్టు బాగ కనపడ్తాండాది గదా అంది అమ్మ.

గట్టు కనపడ్తే మనుషులు గూడా కనపడ్తారు కదమ్మా అని నెత్తి కొట్టుకున్నాడు.

అదే గదప్పా నేను గూడా అనేది అంది అమ్మ.

అంజినప్ప లేచి, ఈమెకు నేర్పే బదులు గొడ్డుకు నేర్పొచ్చు అని నాయనతో అని వెళ్లిపోయాడు. నాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అమ్మ పాఠం రాక అట్లా చెప్పలేదని మా ఇద్దరికీ తెలుసు.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. తిన్నది నువ్వు, చెప్పాల్సింది నేను, ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు అంది.

3 ఆగస్టు

చెప్పలేదు.

7 ఆగస్టు

పొద్దున కళ్యాణదుర్గం పోవడానికి ఆటో ఎక్కబోయాను. నిండిపోయింది అన్నాడు. లోపల చోటు ఉంది. ఆటో మా వర్గం వాళ్లదే. సరేనని రెండో ఆటో దగ్గరికి పోయాను, అది వాళ్లది. వాడూ అదే మాట. ఎండలో నిలబడి బస్సెక్కాను.

రేషన్ క్యూలో సుశీలక్క నా పక్కకు వచ్చి నిలబడి ఇంకెటో చూస్తూ మాట్లాడింది. మీ యమ్మ ఏదో తిక్కతిక్కగా చెప్తాండాదంట, మా పిల్లోని మొగం జూసి అయినా ఆమెకు బుద్ధి చెప్పు పాపా అంది. బెదిరింపు కాదు అది. బతిమాలింది.

ఇంతకు ముందు ఒక వర్గం అంటేనే భయం. వాళ్లు తరిమితే పరిగెత్తడానికి ఇంకో వర్గం ఉండేది. ఇప్పుడు రెండూ ఒకటయ్యాయి.

సాయంత్రం ఓబుళేసు కబురు పంపాడు. బెంగళూరులో గార్మెంట్స్ కంపెనీలో సూపర్‌వైజర్ పని చూశాడట. సోమవారమే జాయిన్ కావచ్చట. సదువుకున్న పిల్ల ఈ దుమ్ములో ఏలా ఉండాల అన్నాడట. నాయన నా బట్టల సంచి దింపి దులుపుతున్నాడు. అమ్మ చూస్తోంది గానీ వద్దనడం లేదు.

10 ఆగస్టు, ఆదివారం

చర్చికి పోకుండా కళ్యాణదుర్గం పోయాను. ఆరీఫా రమ్మంది. దారాలు, లైనింగు గుడ్డ కొనే అంగడి వెనక కుట్టుమిషన్లు బాగుచేసే గది ఉంది. ఆరీఫా ఉంది. కలీముల్లా కూడా ఉన్నాడు.

నేను వెనక్కి తిరిగాను. ఆరీఫా తలుపుకు అడ్డం నిలబడలేదు. పోవాలంటే పో, ఇని పోతే మంచిది అంది.

నిలబడే విన్నాను. అతను తల ఎత్తలేదు. నారాయణప్ప పిలిపించినాడు, బెదిరించి రాండి, ట్రాక్టరు టైర్లు కోసి రాండి అన్యాడు, ఇంట్లో నుంచి పోయేటప్పుడు నేను గూడా అదే అనుకున్యా, ఆడికి పోయినాక మాత్రం అట్ల లేదు, వేటు ఏసినాను, వాళ్లూ ఏసినారు, నేను గూడా ఏసినాను అన్నాడు.

ఆ మాటే చెప్పాడు. ఇంకెవరి మీదకీ తోయలేదు.

నాకు ఏం చేయాలనిపించిందో రాస్తాను. అక్కడ బల్ల మీద గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర ఉంది. దాని వైపు చూశాను. అతనూ చూశాడు. కదలలేదు. నా చేత్తో తుంచి ఇచ్చిన దినం నుంచి నాకు ముద్ద పోతాలేదు, నువ్వు మింగినావు, నేను మింగలేకపోతాండా అన్నాడు.

నా దగ్గర క్షమాపణ అడిగితే చెంప పగలగొట్టేదాన్ని. అడగలేదు. ఇంకో సంగతి చెప్పాడు. కోర్టు వాయిదా ఉన్న ప్రతిసారీ నారాయణప్ప కారు వస్తుందట. వెనక సీట్లో ఇద్దరి నడుమ కూర్చోబెట్టి తీసుకుపోయి తెస్తారట. ఈ తూరి కారెక్కను, బస్సుకు పోతా, మీ యమ్మ నన్ను చూపిస్తే అబద్ధమని నా ప్లీడరుతో అనిపించను, ఎవురు పంపినారని జడ్జి అడిగితే చెప్తా అన్నాడు.

జైలుకు పోతావు అన్నాను. నా నోట అతనితో వచ్చిన మొదటి మాట.

ఆరీఫా జవాబు చెప్పింది. ఇంట్లో ఉన్యా ఆయప్ప చెప్పినప్పుడు లేసి, ఆయప్ప చెప్పినప్పుడు కూర్చుంటాండాడు, ఆడ కనీసం శిక్ష ఎప్పుడు అయిపోతాదో చెప్తారు అంది. తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చింది. వాళ్లమ్మకు మందులు తెచ్చేది, ఇల్లు నడిపేది కలీముల్లానే. నేను తన వీపు మీద చెయ్యి వేయాలనుకున్నాను. చెయ్యి లేవలేదు. ఈ రోజుకు లేవలేదు.

బస్సులో వస్తూ అనుకున్నాను. ముద్ద ముగ్గురి నోళ్లు మూసింది. అమ్మది, నాది, అతనిది. నరికించినవాళ్ల నోళ్లకు అది ఎప్పుడూ అడ్డం రాలేదు.

11 ఆగస్టు, సోమవారం

బెంగళూరు బస్సెక్కలేదు. పొద్దున అమ్మ పొయ్యి ముట్టిస్తుంటే అంతా చెప్పాను. నాయన కూడా విన్నాడు.

ఏసినానన్యాడా అంది అమ్మ.

అన్నాడన్నాను.

వాని నోటితోనే అన్యాడా అంది. అవునన్నాను. మల్లీ చెప్పు అంది. చెప్పాను. మల్లీ చెప్పు అంది. మూడోసారీ చెప్పాను. అమ్మ కళ్లల్లో నీళ్లు లేవు. ఇన్నేండ్లు నేనే పిచ్చిదాన్ని అనుకుంటి, ఎండకు నిజంగానే కండ్లు బైర్లు కమ్మినాయేమో అనుకుంటాంటి, అంజినప్ప దినాము వచ్చి చెప్తాంటే నాకూ అనుమానమొస్తాంది అంది.

నాయన, పోవద్దు సుంకా అన్నాడు. గట్టిగా కాదు.

పోతా అంది అమ్మ. దొంగతనంగా మాత్రం పోను, తెల్లార్జామున తలుపు తీసుకుని ఎవురికీ తెలీకుండా పోయేదానికి నేనేం తప్పు చేయలా, ఊరికి ముందరే చెప్పి పోతా, ఎవురొస్తారో రమ్మను, రానోళ్లను ఇండ్లల్లో ఉండమను, నువ్వు రాయి మే అంది.

రాస్తే వాళ్లు ఏం చేస్తారోనన్నాను. రాయకపోతే చేయరా అంది.

నా పళ్లెంలో సంగటి పెట్టింది. పప్పు పోసింది. తిను అంది. ముద్ద రోజు తర్వాత అమ్మ తన చేత్తో నాకు పెట్టడం ఇదే మొదలు.

మధ్యాహ్నం ఆరీఫాకు ఫోన్ చేశాను. ఉత్తరంలో కలీముల్లా పేరు రాయాలా వద్దా అని అడిగాను. మిషన్ ఆపి పోయి వాళ్లన్నను అడిగి వచ్చింది. రాయమంటాండాడు అంది. నా పేరు గూడా రాయి అంది.

భయంగా ఉంది. ఈ వీధికి ఒకటే దారి. రాస్తున్నంతసేపూ దాని వైపే చూస్తున్నాను.

12 ఆగస్టు, మంగళవారం

ఈ పొద్దున ఒక కాపీ చావిడి గోడకు అంటించాను. ఓబుళేసుకూ నారాయణప్పకూ చెరొకటి చేతికిచ్చాను. ఆనంద్ సార్‌కు ఫోటో పంపాను. ఇది నా దగ్గర ఉండాల్సిన కాపీ.

శాంతి కమిటీ సభ్యులందరికీ,

నేనూ ఈ కమిటీ సభ్యురాలినే. మన మీటింగుల్లో ఇప్పటిదాకా ఒక్కరూ పలకని పేరు జయరాజు. మా అన్న.

నేను ముద్ద తిన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు, ఎత్తించరు. అందుకు కట్టుబడి ఉంటాం. చూసింది చూడలేదని చెప్పడానికి నేను తినలేదు.

ఆగస్టు 21, గురువారం పొద్దున బస్సుకు మా అమ్మ సుంకమ్మ అనంతపురం కోర్టుకు పోతోంది. అదే బస్సులో కలీముల్లా వస్తున్నాడు. ఆరీఫా, నేను కూడా ఉంటాం. మీ అనుమతి అడగడం లేదు. అతను సాక్షి దగ్గరికి రాకూడదని బెయిలు షరతు కాబట్టి, మా అమ్మకూ అతనికీ మధ్య సీటులో కూర్చోవడానికి ఈ ఊరి నుంచి ఎవరు వస్తారో, 17వ తేదీ ఆదివారంలోగా జవాబు చెప్పండి.